అత్తాకోడళ్ళ ఆరు నిమిషాల నడక

ఆ రోజు సెల్లార్‌లో ఉన్నవి, ఉన్నవాళ్ళు: నారింజ రంగు ట్రాఫిక్ కోన్లు రెండు. వాటి మధ్య నేల మీద అంటించిన ముప్పై మీటర్ల పసుపు టేపు. ప్లాస్టిక్ కుర్చీలు ఐదు, అందులో ఒకదానికి చెయ్యి విరిగింది. స్టాప్‌వాచ్, బీపీ మిషన్, వేలికి తగిలించే ఆక్సీమీటర్. పెళ్ళి మండపానికి వాడే థర్మకోల్ ఏనుగులు రెండు, గోడకు ఆనించి. మోకాళ్ళ నొప్పులున్న ఆడవాళ్ళు ముగ్గురు. వాచ్‌మన్. నేను.

వీటిలో మా పరిశోధన ప్రణాళికలో లేనివి ఏనుగులు, వాచ్‌మన్. ఏనుగుల్ని జరపడానికి వాచ్‌మన్ కావాలి కాబట్టి ఇద్దర్నీ భరించాల్సి వచ్చింది.

అప్పుడు నేను ఫిజియోథెరపీలో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మోకాలి కీళ్ళు అరిగినవాళ్ళ చేత ఇంటి దగ్గర పన్నెండు వారాలు వ్యాయామాలు చేయిస్తే నడక ఎంత మెరుగవుతుందన్నది మా ప్రశ్న. వ్యాయామాలు నేర్పేది వేరేవాళ్ళు. నా పని కొలవడం ఒక్కటే: మొదట్లో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి, పన్నెండో వారంలో ఒకసారి. క్లినిక్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మిఠాయి దుకాణం పైన, రెండో అంతస్తులో ఉండేది. లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పుల క్లినిక్‌కి లిఫ్ట్ లేకపోవడం గురించి నేను రెండు మెయిళ్ళు రాశాను. రెండింటికీ జవాబు రాలేదు.

ఆరు నిమిషాల నడక పరీక్షకి ముప్పై మీటర్ల తిన్నని, చదునైన, ఖాళీ దారి కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో అలాంటి దారి కోసం నేను మూడు వారాలు తిరిగాను. తిన్నగా ఉన్నచోట బళ్ళు పెట్టి ఉంటాయి. చదునుగా ఉన్నచోట కోచింగ్ సెంటర్ వాళ్ళు బెంచీలు వేసి ఉంటారు. చివరికి ఎల్బీనగర్ వైపు ఒక ఫంక్షన్ హాల్ సెల్లార్ దొరికింది, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో మాత్రమే అనే షరతు మీద. అంటే మా పరిశోధన కాలపట్టిక ముహూర్తాల్ని బట్టి నడవాలి. నేను పంచాంగం కొన్నాను. మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు వదులుతుందో చూసుకుని పేషెంట్లకి తేదీలు ఇచ్చాను. థీసిస్‌లో ఈ విషయం ఎక్కడ రాయాలని మా గైడ్ మేడమ్‌ని అడిగితే, ఎక్కడా రాయొద్దన్నారు.

పరీక్ష చాలా తేలిక. ఒక కోన్ దగ్గర మొదలుపెట్టి రెండో కోన్ దాకా నడవాలి, తిరిగి రావాలి. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలిగితే అంత. పరుగెత్తకూడదు. అలసిపోతే ఆగొచ్చు. మాట్లాడకూడదు. పక్కన ఎవరూ నడవకూడదు. నిమిషానికోసారి నేను ఒక వాక్యం చెప్తాను: "బాగా నడుస్తున్నారు, ఇంకా ఇన్ని నిమిషాలున్నాయి." అంతకు మించి ప్రోత్సహించకూడదు. రోజూ వేసుకునే చెప్పులతోనే నడవాలి.

ఈ నియమాలన్నీ కాగితం మీద ఎంతో బాగున్నాయి. సెల్లార్‌లో జరిగింది ఇది. వచ్చిన ప్రతి ఒక్కరూ చెప్పులు మెట్ల దగ్గరే విడిచేవాళ్ళు. "వేసుకోండమ్మా" అంటే "పర్లేదు సార్" అనేవాళ్ళు, నేనేదో మర్యాదకి అన్నట్టు. కోన్ దగ్గర ఇటు తిరిగినా అటు తిరిగినా ఒకటే అని చెప్పినా అందరూ కుడివైపు నుంచే తిరిగేవాళ్ళు. ఒకావిడ పూర్తిగా ఒక చుట్టు చుట్టి, దండం పెట్టుకుని మరీ వెనక్కి వచ్చింది. ఆ చుట్టు దూరం కలపాలా వద్దా అన్నది నాకిప్పటికీ తేలలేదు. తోడు వచ్చినవాళ్ళు పక్కనే నడిచేవాళ్ళు, ఒకాయనైతే భార్య హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని ఆరు నిమిషాలూ.

అన్నిటికంటే విసిగించింది లెక్క. నడిచినవాళ్ళకి దూరం చెప్పకూడదని నియమం. నేను చెప్పలేదు. కానీ కుర్చీల్లో ఎదురుచూసేవాళ్ళు ఊరుకోరు కదా. నడిచేవాళ్ళు ఒక పొడవు, అంటే ముప్పై మీటర్లు, పూర్తిచేసి కోన్ చేరిన ప్రతిసారీ "ఆరు... ఏడు..." అని పైకే లెక్కపెట్టేవాళ్ళు. ఆపమంటే గొంతు తగ్గించి లెక్కపెట్టేవాళ్ళు. సెల్లార్‌లో గొంతు తగ్గిస్తే ఇంకా బాగా వినిపిస్తుంది.

ఆ అత్తాకోడళ్ళ గొడవ ఈ లెక్క దగ్గరే మొదలైంది.

వాళ్ళది అల్మాస్‌గూడ. నల్గొండ జిల్లా ఊరి నుంచి వచ్చి ఇరవై ఏళ్ళ కిందట అక్కడ జాగా కొని ఇల్లు కట్టుకున్నారు. అత్తకి అరవై దాటాయి, కోడలికి నలభై ఆరు. ఇద్దరికీ మోకాళ్ళ అరుగుదలే. ఒకే ఇంటివాళ్ళని ఇద్దర్నీ చేర్చుకోవద్దని నేను మొదటే చెప్పాను. పెళ్ళిళ్ళ సీజన్ ముంచుకొస్తోంది, మనుషులు తక్కువయ్యారు, చేర్చుకోమని గైడ్ మేడమ్ అన్నారు. చేర్చుకున్నాం.

మొదటి రోజు కోడలు ముందు నడిచింది. నడుము మీద ఒక చెయ్యి పెట్టుకుని, ముఖం చిట్లించుకుని, ఒకసారి ఆగి, 312 మీటర్లు. తర్వాత అత్త, 258. అత్త కూర్చుని చెమట తుడుచుకుంటూ, కోడలితో కాదు, థర్మకోల్ ఏనుగుతో అన్నట్టుగా అంది: "ఇంటికాడనేమో కాళ్ళు నొస్తున్నయంటది. ఈడ జూస్తే నాకన్న ఎక్కువ ఉరికె."

నేను బీపీ రాసుకుంటున్నాను. ఆ మాటని పట్టించుకోలేదు; దానికి ఫారంలో గడి లేదు.

ఆరో వారంలో అత్త ముందు నడిచింది, 282. కోడలు తర్వాత నడిచింది. ఎనిమిదో పొడవు దాకా చక్కగా వచ్చింది, చెయ్యి నడుము మీద లేదు, ముఖం మామూలుగా ఉంది. ఎనిమిది దాటాక నెమ్మదించింది. తొమ్మిదో పొడవు చివర కోన్ ముట్టుకుని అక్కడే నిలబడింది. ఇంకా నలభై సెకన్లున్నాయి.

"నొప్పిగా ఉందా అక్కా?"

"లేదు సార్. ఇగ చాలు."

270. అత్త కంటే పన్నెండు మీటర్లు తక్కువ. మొదటి రోజు తన లెక్క కంటే నలభై రెండు తక్కువ.

ఆ సాయంత్రం ఆరు గంటలకి ఎల్బీనగర్ చౌరస్తాలో మెట్రో మెట్ల దగ్గర టీ తాగుతున్నాను. అదే కోడలు, ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో ఐదు కిలోల నూనె డబ్బా, కదులుతున్న షేర్ ఆటో వెనక పరుగెత్తి ఎక్కింది. నా లెక్కన కనీసం నలభై మీటర్లు, మధ్యలో డివైడర్ కూడా.

గైడ్ మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"ఆటో వెనక పరుగెత్తడం మన కొలమానం కాదు" అన్నారు. "నువ్వు టేపు మీద చూసిందే రాయి."

"కావాలనే తక్కువ నడుస్తోంది మేడమ్."

"ఆ సంగతి నీకెలా తెలుసు? నువ్వు కొలిచేవాడివి. ఊహించేవాడివి కాదు."

ఆ మాట సరైనదే. సరైనది కావడం వల్లే ఇంకా మండింది. ఎందుకంటే ఇది నా థీసిస్‌లో ఒక అంకె చెడిపోవడంతో ఆగేది కాదు. మా ప్రణాళికలో పేషెంట్ల రక్షణ కోసం ఒక నియమం ఉంది: పన్నెండో వారంలో దూరం మొదటి రోజు కంటే ముప్పై మీటర్లయినా పెరగకపోతే, వ్యాయామం పనిచెయ్యలేదని లెక్క, వాళ్ళని ఎముకల సర్జన్ దగ్గరికి పంపాలి. కోడలి ఎక్స్‌రే అప్పటికే బాగోలేదు. ఆ ఎక్స్‌రే, "వ్యాయామంతో తగ్గలేదు" అనే మా కాగితం కలిపి చూస్తే ఏ సర్జన్ అయినా మోకాలి మార్పిడి గురించే మాట్లాడతాడు. నలభై ఆరేళ్ళకి పెట్టిన కృత్రిమ మోకాలు ఆవిడ బతికున్నంత కాలం రాదు. మళ్ళీ ఎప్పుడో ఇంకోసారి కొయ్యాలి. నూనె డబ్బా పట్టుకుని పరుగెత్తే మనిషికి.

ఆవిడ 342 మీటర్లు నడవాలి. లేకపోతే కత్తి.

పన్నెండో వారానికి నేను వేసిన పథకం: ఇద్దర్నీ వేరు వేరు రోజుల్లో పిలవడం. కోడలికి మంగళవారం, అత్తకి బుధవారం. మంగళవారం ఇద్దరూ దిగారు.

"మీకు రేపు కదమ్మా?"

"దాన్నొక్కదాన్ని ఎట్ల పంపిస్త సారూ? మల్ల రేప్పొద్దున నన్నొక్కదాన్ని అదెట్ల పంపిస్తది? ఇద్దరం రెండు దినాలు తిరుగుడు ఎందుకు? ఇయ్యాల్నే కానియ్యి."

అలా పథకం పోయింది. నాకు మిగిలింది, కోడలికి ఆక్సీమీటర్ తగిలించే ఆ ఒక్క నిమిషం. అత్త దూరంగా కుర్చీలో కూర్చుని వనస్థలిపురం నుంచి వచ్చిన మూడో పేషెంట్‌తో మాట్లాడుతోంది. ఆవిడ రిటైరైన స్కూల్ టీచరు, కోస్తా వైపు మనిషి. ఆవిణ్ణి అందరూ టీచరమ్మ అనేవాళ్ళు.

నేను గొంతు తగ్గించి అడిగాను. "అక్కా, పోయినసారి ఎందుకు ఆగిపోయారు?"

కోడలు తన వేలికేసి చూస్తూ అంది. "నిజం చెప్పాల్నా సార్?"

"చెప్పండి."

"మొదటిసారి జర ఎక్కువ నడిచిన కదా. ఇంటికి పోంగనే మా అత్త, గంత నడిచినదానివి బట్టలు ఉతకనీకేమైంది అన్నది. అప్పటిదాంక సగం ఆమె ఉతికేది. ఆ దినం కెళ్ళి అన్నీ నాకే. బండ కింద ఉంటది. కూసొని లేవాలంటే పానం పోతది సార్. నడుసుడుకు నొప్పి లేదు ఇప్పుడు. కూసునుడుకే."

ఎంత స్పష్టంగా చెప్పిందంటే, మా ప్రశ్నపత్రంలో ఇరవై నాలుగు ప్రశ్నలు అడిగినా ఇంత రాలేదు. నడిస్తే ఇంట్లో ఆవిడ నొప్పికి విలువ పోతుంది. మేము కొలిచేది మోకాలి మెరుగుదల అనుకున్నాం. ఆవిడకి అది ఇంటి పంచాయితీలో సాక్ష్యం.

"సరే. కానీ ఇవాళ తక్కువ నడిస్తే మిమ్మల్ని సర్జన్ దగ్గరికి పంపాలి. ఆపరేషన్ అంటారు. అర్థమైందా?"

ఆవిడ భయపడుతుందనుకున్నాను. ఆవిడ తల కొంచెం పక్కకి వంచి, చాలా సీరియస్‌గా అడిగింది:

"ఆపరేషన్ అయితే ఎన్ని దినాలు పని చెయ్యొద్దంటరు సార్?"

నేను ఆక్సీమీటర్ అంకె రాసుకున్నాను. తొంభై ఎనిమిది. రాసుకున్న చోటే మళ్ళీ ఇంకోసారి రాశాను.

"మూడు నెలలు" అన్నాను. అబద్ధం చెప్పడానికి నాకు ఏ అధికారమూ లేదు.

"మూడు నెలలు" అని ఆవిడ మెల్లగా తనలో తను అనుకుంది. మూడు నెలల సెలవు దొరుకుతుందంటే ఎవరికైనా వినడానికి బాగానే ఉంటుంది.

పక్కకి వెళ్ళి గైడ్ మేడమ్‌కి ఫోన్ చేశాను. సెల్లార్‌లో సిగ్నల్ ఒక్క చోటే ఉంటుంది, చెయ్యి విరిగిన కుర్చీ పక్కన. అక్కడ నిలబడి మొత్తం చెప్పాను.

"కొలిచేవాడు కౌన్సెలింగ్ చెయ్యకూడదు" అన్నారు.

"మరి ఎవరు చేస్తారు మేడమ్? ఇక్కడ నేనూ, వాచ్‌మనూ, రెండు ఏనుగులూ ఉన్నాం."

"వెటకారం వద్దు." కొంచెం ఆగి అన్నారు, "పేషెంట్లందరికీ చెప్పాల్సిన జాగ్రత్తలున్నాయి కదా, అవి ఎవరైనా చెప్పొచ్చు. కింద కూర్చోవద్దు, బరువులు ఎత్తొద్దు, అలాంటివి. అందరికీ కలిపి చెప్పు. ఒక్కరికని చెప్పకు."

అందుకని నేను ముగ్గురినీ కూర్చోబెట్టి, అందరికీ కలిపి, పూర్తిగా ఒక్కరి కోసం, జాగ్రత్తలు చెప్పాను. మోకాలు అరిగినవాళ్ళు కింద కూర్చుని పని చెయ్యకూడదు. ఎంత దూరం నడవగలిగినా సరే, అది వేరు, ఇది వేరు. బాగా నడుస్తున్నారంటే కింద కూర్చోవచ్చని కాదు.

అత్త నన్ను తేరిపార చూసింది. "అయితే నడిచే కాలు వేరే, కూసునే కాలు వేరేనా సారూ?"

వాచ్‌మన్ నవ్వాడు. అతను నవ్వడం కూడా ప్రణాళికలో లేదు.

"కాలు ఒకటేనమ్మా. కింద కూర్చుని లేచేటప్పుడు మోకాలి చిప్ప మీద పడే బరువు ఎక్కువ. నడిచేటప్పుడు అంత పడదు."

"మా అత్త డెబ్బై ఏండ్ల దాంక కిందనే కూసొని ఉతికింది. ఆమెకు చిప్ప లేకుండెనా?" అంది అత్త.

టీచరమ్మ కల్పించుకుంది. "వదినగారూ, ఆ కాలం సంగతి ఇప్పుడెందుకు? ఓ వాషింగ్ మెషీన్ కొనుక్కోకూడదూ?"

"నల్లా నీళ్ళు దినం తప్పిచ్చి దినం ఒస్తయి టీచరమ్మా. మిషన్ కొంటే దాని నోట్ల ఏం పొయ్యాలె, బోరు నీళ్ళా? ఆర్నెల్లకు ఖరాబయితది."

"పోనీ ఆ బండనన్నా కాస్త ఎత్తు చేయించండి. మా ఇంట్లో అలాగే చేయించాం, నుంచునే ఉతుక్కోవచ్చు. నాలుగు ఇటుకలు పేర్చి పైన బండ పెడితే సరి."

"మా ఆయన ఇల్లు కట్టినప్పుడు ఏసిన బండ అది."

"ఆయన్నేం తీసెయ్యమనడం లేదుగా, బండని పైకి లేపమంటున్నాను." టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "లేదంటారా, ఈ అమ్మాయికి ఆపరేషన్ అయిందనుకోండి. మూడు నెలలు మంచం మీద. బట్టలెవరు ఉతుకుతారు? మీరేగా? మీ మోకాళ్ళతో?"

ఆవిడకి ఆపరేషన్ సంగతి ఎలా తెలిసిందో నేను అడగలేదు. సెల్లార్‌లో గొంతు తగ్గిస్తే బాగా వినిపిస్తుందని ముందే చెప్పాను.

అత్త కోడలి వైపు తిరిగింది. "ఆపరేషనా? ఏం ఆపరేషన్?"

కోడలు నేల చూసింది. నేను చెప్పాను, ఉన్నది ఉన్నట్టుగా: ఇవాళ నడక పెరగకపోతే సర్జన్ దగ్గరికి పంపుతామని, ఆయన ఏమంటాడో ఆయన ఇష్టమని. ఎన్ని మీటర్లు కావాలో మాత్రం చెప్పలేదు. అది చెప్పకూడదు.

అత్త వేళ్ళు ఒక్కొక్కటే మడవసాగింది. మూడు నెలల బట్టలు లెక్కపెడుతోందో, ఇంకేమైనా ఆలోచిస్తోందో నాకు తెలియదు. తర్వాత లేచి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. "పా, ముందు నాది కానియ్యి."

ఆవిడ చెప్పులు విడిచింది. వేసుకోమన్నాను. "పర్లేదు సారూ" అంది. ఆవిడ నడక 291. తొమ్మిది పొడవులు, ఇరవై ఒక్క మీటర్లు. కోడలు కుర్చీలో కూర్చుని లెక్కపెట్టడం నాకు కనబడుతూనే ఉంది, పెదాలు కదుపుతూ.

తర్వాత కోడలు. నేను నియమాలు చదివాను, స్టాప్‌వాచ్ నొక్కాను. టీచరమ్మ లెక్క మొదలుపెట్టింది. ఆపమన్నాను. గొంతు తగ్గించింది. మూడు నిమిషాలకి ఆరు దాటింది. నాలుగో నిమిషం నా వాక్యం నేను చెప్పాను: "బాగా నడుస్తున్నారు, ఇంకా రెండు నిమిషాలున్నాయి." ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పడానికి లేదు. చెప్పాలని నాకెంత ఉందో దేవుడికి తెలుసు.

తొమ్మిది. కోడలి అడుగు చిన్నదైంది.

పదో పొడవు చివర కోన్ దగ్గర ఆవిడ కుడి నుంచి తిరిగింది. అత్త లెక్క దాటిపోయింది. దాటానని ఆవిడకి తెలుసు. అందరికీ తెలుసు. టీచరమ్మ లెక్క ఆపేసింది. కోడలు నడక దాదాపు నిలిపేసి, కుర్చీల వైపు, అత్త ముఖంలోకి చూసింది. నా చేతిలో సెకన్లు పోతున్నాయి.

"నా మొఖం దిక్కేం చూస్తున్నవే?" అత్త గట్టిగానే అరిచింది. "గోడకేమన్న సిన్మా నడుస్తుందా? నడువ్! బండ సంగతి ఇంటికి పోయినంక చూద్దాం."

ఇది ప్రోత్సాహం కిందకి వస్తుందా? నియమాల్లో ఉన్నది పరీక్షకుడి మాటల గురించి. అత్త గురించి లేదు. పైగా అది తిట్టు. తర్వాత గైడ్ మేడమ్ దాని మీద నన్ను రెండు పేజీల వివరణ అడిగారు, నేను రాశాను, బయటివాళ్ళ మాట ఒకటి, తెలుగులో, తెలంగాణ యాసలో, ఐదో నిమిషంలో, అని. చెల్లుతుందో లేదో తేల్చడానికి కాలేజీ వాళ్ళకి నెల పట్టింది. చెల్లుతుందన్నారు.

కోడలు ముందుకి తిరిగింది. చేతులు రెండూ ఊపుతూ, నూనె డబ్బా రోజు చూసిన ఆ మనిషిలాగే నడిచింది. పదకొండు. పన్నెండు. నేను ఆపమన్నప్పుడు పన్నెండో పొడవు దాటి ఒక మూడు అడుగుల మీద ఉంది. నేల మీద సుద్దతో గీత గీసి, టేపు పట్టి కొలిచాను. అత్త వచ్చి పక్కన నిలబడి "ఎంతైంది సారూ?" అంది. చెప్పకూడదన్నాను. "చెప్పకపోతే కొలుసుడెందుకు?" అని వెళ్ళిపోయి ఆటో మాట్లాడుకోవడానికి మెట్లెక్కింది, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి.

ఫారంలో నింపాను: 362 మీటర్లు.